ఒకే కొయ్యకు రెండు పేర్లు

మా పక్కింటి టీచరమ్మగారు పోయిన ఆదివారం ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పగానే ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. ఇక ఈ వీధిలో మాకెవరున్నారు?

న్యూజెర్సీలో ఇల్లు కొన్న కొత్తలో ఎవరో కారులో పోతూ, రోడ్డు పక్కన కొయ్యకు బిగించి ఉన్న మా మెయిల్‌బాక్స్‌ను బేస్‌బాల్ బ్యాట్‌తో పగలగొట్టారు. బాగుచేస్తే మళ్లీ కొట్టారు. దాని మీద కొత్తపల్లి అని మా ఇంటిపేరు ఉండేది. పిల్లలు స్కూలు బస్సు దిగి ఇంట్లోకి వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడి ప్రార్థన చేసుకునేదాన్ని.

"సిటిజెన్‌షిప్ తీసుకునేటప్పుడు నేమ్ చేంజ్ చేసేద్దాం. పిల్లలన్నా సేఫ్‌గా ఉంటారు," అన్నారు మావారు.

టీచరమ్మగారి ఇంటిపేరు బ్రాడ్‌ఫర్డ్. పలకడం తేలిక. ఒకరోజు వాళ్ల వంటింట్లో టీ తాగుతూ, ఆ పేరు మేమూ పెట్టుకోవచ్చా అని మెల్లగా అడిగాను.

ఆవిడ నల్లజాతి మనిషి. పడీపడీ నవ్వారు. "పెట్టుకో తల్లీ, మాది మాత్రం సొంతమా ఏమిటి!"

ఇంగ్లండులో బళ్లు ఏరు దాటే వెడల్పాటి, లోతులేని చోటును బ్రాడ్‌ఫర్డ్ అనేవారట. అలాంటి చోట్ల వెలిసిన ఊళ్లకు అదే పేరు. ఊరు విడిచినవాళ్లకు అదే ఇంటిపేరు. వాళ్లు ఓడలెక్కి వచ్చి ఇక్కడి ఊళ్లకూ వీధులకూ పెట్టారు. వాళ్లలో ఒకడు ఆవిడ ముత్తాతగారి కుటుంబాన్ని బానిసలుగా కొన్నాడు.

"విడుదలయ్యాక మార్చుకోలేదా?"

"ముత్తాత చెల్లెల్ని వేరే ఎక్కడికో అమ్మేశారు. వెతుక్కుంటూ వస్తే ఏ పేరు చెప్పి అడుగుతుంది? అందుకని ఉంచేశాడు." టీ కప్పు కింద పెట్టి, "రాలేదులే," అన్నారు.

మాదీ ఊరి పేరేననీ, ఆ ఊరు ఎక్కడుందో మావాళ్లెవరికీ తెలియదనీ చెప్పాను.

"నీదన్నా నీ సొంతం. వదలకు."

మర్నాడు మావారిని పిలిచి, మా కొత్త పెట్టెను తన కొయ్యకే, తన పెట్టె పక్కన బిగించమన్నారు. "కొడితే రెండూ కొట్టాలి." ఆ శీతాకాలం రెండూ కొట్టారు. ఆవిడే సుత్తి తెచ్చి సొట్టలు తీస్తూ, "నాకే ఎక్కువ తగిలింది," అని గొణిగారు. మేము పేరు మార్చుకోలేదు. అప్పటినుంచి బస్సు వేళకు ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు, చలిలో కూడా.

నా భయం పోలేదు. ఇవాళ పోస్టు తీస్తుంటే వెనక ఒక కారు నెమ్మదించింది. అది ముందుకు పోయింది. వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. పెట్టె మీద ఆవిడ పేరుకు పట్టిన మంచును కోటు చేత్తో తుడిచాను. మా చిన్నదాని బస్సు వచ్చేదాకా లోపలికి పోకుండా ఆ కొయ్య పక్కనే నిలబడ్డాను.