ఐదు మార్కుల నీళ్లు

మా అక్క గోపమ్మ పోయిన ఏడాది వానాకాలం మొదట్లో కన్నుమూసింది. ఆమె గురించి అచ్చులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. అది కూడా ఇంగ్లీషులో, నున్నటి కాగితం మీద, పేరు లేకుండా. ఆ వాక్యం రాసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ గౌరవం కలగలేదు.

మాది మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. ఫ్లోరైడు అంటే ఏమిటో మాకు పుస్తకాలు చెప్పనక్కర్లేదు. మా బావ పెద్దులుకు నలభై దాటకముందే మోకాళ్లు వంగడం మానేశాయి. ఎవరైనా పిలిస్తే మెడ తిరగక మనిషి మొత్తం తిరిగేవాడు. తెలంగాణ వచ్చిన ఏడాదే ఒక పెద్ద మందుల కంపెనీ మా ఊళ్లో నీళ్ల ప్లాంటు పెట్టింది. లాభాల్లో కొంత జనం కోసం వాడాలని చట్టం వచ్చింది కాబట్టి పెట్టింది. షెడ్డు చిన్నది, బోర్డు పెద్దది. ఒకసారి గాలివానకు షెడ్డు మీది రేకులు లేచిపోయాయి గాని బోర్డు కదల్లేదు. దాన్ని అంత శ్రద్ధగా బిగించారు.

షెడ్డు వేసిన జాగా అక్క వాళ్లది. అందుకని తాళంచెవి ఆమె చేతికే ఇచ్చి, మిషను నడపడం రెండు రోజుల్లో నేర్పి వెళ్లారు. పొద్దున ఆరింటికి తెరిచేది. ప్రతి సోమవారం మొదటి బిందె ఎవరికీ ఇచ్చేది కాదు, ఆ నీళ్లతో కందిపప్పు పొయ్యి మీద పెట్టేది. మా బోరు నీళ్లలో పప్పు ఉడకదు. ఎంత మంట పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. మంచి నీళ్లయితే బర్రె పాలు పిండి వచ్చేలోపు మెత్తబడుతుంది. కంపెనీ టెక్నీషియన్ మూడు నెలలకోసారి పెన్నులాంటి మీటరు జేబులో పెట్టుకొని వచ్చి నీళ్లలో ముంచి చూసేవాడు. ఏడాది పాటు అతని మీటరు, అక్క పప్పు ఒకే మాట చెప్పాయి. తర్వాత అతను రావడం మానేశాడు. అక్క పప్పు పెట్టడం మానలేదు.

రెండో ఏడాది దసరా పోయాక ఒక సోమవారం పప్పు ఉడకలేదు. పై సోమవారమూ ఉడకలేదు. మిషను లోపల నీళ్లు వడకట్టే ఫిల్టరు పోయిందని అక్కకు అర్థమైంది. కంపెనీ తరఫున మా ఊళ్లు చూసే మహేష్‌కు ఫోన్ చేసింది. అతను నవ్వి, పప్పు పాతదేమో చూసుకొమ్మన్నాడు. కొత్త పప్పుతో వండి మళ్లీ చేసింది. ఈసారి పొయ్యి సంగతి చూసుకొమ్మన్నాడు. నాలుగో ఫోనుకు విసుగొచ్చి అసలు మాట చెప్పాడు. కంపెనీ చేసిన సేవను పరీక్షించడానికి హైదరాబాదు నుంచి ఒక స్వతంత్ర బృందం వస్తున్నది, ఫిల్టరు మార్చాలని వాళ్లు రిపోర్టులో రాస్తే పై ఆఫీసు మారుస్తుంది, రాయకపోతే తన చేతిలో ఏమీ లేదు. అప్పటి నుంచి అక్క ఆ బృందం కోసం చుట్టాల కోసం చూసినట్టు చూసింది.

స్వతంత్ర బృందం ఎండాకాలంలో కంపెనీ బండిలో దిగింది. ఒక ప్రొఫెసరు, అనూహ్య అనే చిన్నమ్మాయి, వాళ్లకు దారి చూపడానికి మహేష్. ఏ ఇంటికి వెళ్లాలో మహేషే చూపించాడు. ఏ ఇంట్లో ఇచ్చిన నీళ్లూ వాళ్లు ముట్టలేదు. బండిలో సీసాలు పెట్టెలకు పెట్టెలున్నాయి. మా నీళ్లు ఎట్లున్నాయో తేల్చడానికి వచ్చినవాళ్లు వాటిని ఒక్క గుక్కైనా తాగకుండానే సాయంత్రం దాకా తిరిగారు. ప్రొఫెసరు గారు ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న చదివారు: ప్లాంటు నీళ్లతో మీకెంత తృప్తి, ఒకటి నుంచి ఐదు లోపల చెప్పండి.

మా దిక్కు ఇంటికొచ్చిన మనిషి మంచిగున్నరా అని అడిగితే, జ్వరంతో మూలుగుతున్నవాడు కూడా లేచి కూర్చొని మంచిగనే ఉన్నమంటాడు. ఎండన పడి వచ్చి మన మంచం మీద కూర్చున్నవాళ్ల ముందు కష్టం చెప్పుకోవడం మాకు మర్యాద కాదు. ఊరంతా అదే చేసింది. ఆ పొద్దున్నే నీళ్ల వరసలో నిలబడి కంపెనీ ఏడు తరాలను తిట్టిన సుక్కమ్మ, మంచం మీద దుప్పటి పరిచి వాళ్లను కూర్చోబెట్టి అన్నది:

“ఐదే ఏసుకోరి బిడ్డా. పాపం, గింత ఎండల వచ్చిండ్రు.”

ఎండకు వేసిన ఐదును ప్రొఫెసరు గారు నీళ్లకు వేసుకున్నారు. అంత చదువు చదివినవారికి ఆ తేడా తెలియలేదంటే నేను నమ్మను.

అక్క మాత్రం మాటలతో పెట్టుకోలేదు. బంధువుల ఊరికి వచ్చే కృష్ణ నీళ్లు ముందురోజే ఒక బిందె తెప్పించింది. ఒకే సంచిలోని పప్పును ఆ నీళ్లతో ఒక గిన్నె, ప్లాంటు నీళ్లతో ఒక గిన్నె వండింది. వాళ్లు పట్నం నుంచి తెచ్చుకున్న బిర్యానీ పొట్లాలు పక్కన పెట్టించి, తినకుండా పోతే తనకు బాధైతదని ముగ్గురినీ కూర్చోబెట్టింది. రెండు పప్పులూ వడ్డించి, ఏది ఏ నీళ్లదో తిని చెప్పమన్నది. ప్రొఫెసరు గారు ఉడకని పప్పును చాలాసేపు నమిలి, నాటు కంది రుచే వేరని, పట్నంలో ఇట్లాంటిది దొరకదని మెచ్చుకున్నారు. ఆయన కూడా మర్యాదస్తుడే. అనూహ్య మాత్రం రెండు పప్పులనూ వేళ్లతో నలిపి చూసి తల దించుకున్నది. అప్పుడు అక్క గరిటె కింద పెట్టింది.

“సారూ, పప్పు మంచిగున్నదని నాకు చెప్పకుండ్రి. నీళ్లు మంచిగలేవని కాగితం మీద రాయుండ్రి.”

“ఒక్క ఇంటి మాట రాయలేం అమ్మా. శాతం చూడాలి” అన్నారు ప్రొఫెసరు గారు.

మహేష్ గోడకు ఆనుకొని ఫోన్ చూసుకుంటున్నాడు.

నాలుగు నెలలకు రిపోర్టు వచ్చింది. అక్క నన్ను పిలిపించి చదివి చెప్పమన్నది. మా ఊరి తృప్తి ఐదుకు నాలుగున్నర దాటింది. ప్లాంటు తన కాళ్ల మీద నిలబడగల దశకు చేరిందట, కాబట్టి దాన్ని ఊరికి అప్పగించి కంపెనీ తప్పుకోవచ్చునట. ఫిల్టరు మాట ఎక్కడా లేదు. ముప్పయ్యో పేజీ అడుగున అక్క గురించిన వాక్యం ఉంది: ‘ఒక గృహిణి వంట రుచిలో స్వల్ప భేదాన్ని గమనించారు.’ వాళ్లకు దారి చూపిన మహేష్‌కు మాత్రం ముందు పేజీలో పేరు పెట్టి కృతజ్ఞతలున్నాయి. స్వతంత్రంగా చూసి రాశారని అట్ట మీద ఉన్నదని చెబితే, అక్క ఒక్కటే అడిగింది.

“ఎవల బండిల వచ్చిండ్రో గూడ రాసిండ్రా?”

రాయలేదని చెప్పాను.

అప్పగింత రోజు షామియానా వేశారు. ప్లాంటు మంచి స్థితిలో ఊరి చేతికి అందిందని కాగితం. దాని మీద నడిపే మనిషిగా అక్క సంతకం కావాలి. సంతకం ఒక్కటి ఆమెకు వచ్చు. మహేష్ పెన్ను మూత తీసి ఇచ్చాడు. అక్క కాగితంలో ఏముందో నాతో మరోసారి చదివించుకొని, పెన్ను మూత పెట్టి అతని జేబులోనే పెట్టింది. వాళ్లు చేసేదేమీ లేక ఆ గడి ఖాళీగా వదిలి మిగతా సంతకాలతో ఫొటో దిగి వెళ్లిపోయారు. కంపెనీ వాళ్లు పై ఏడాది అచ్చేసిన సేవల లెక్కల పుస్తకంలో మా ఊళ్లో ఆ నీళ్లు తాగుతున్నవాళ్ల సంఖ్య రెండు వందలు పెరిగింది. అప్పటికి ఆ మిషను ఆగిపోయి చాలా కాలమైంది.

దాన్ని ఆపింది అక్కే. ఫిల్టరు మారుస్తారన్న ఆశతో అన్నాళ్లూ తెరిచింది గాని, అప్పగింత మర్నాడు ఆరింటికి ప్లాంటు తెరవలేదు. తాళం వేసి గడప మీద కూర్చున్నది. ఈ నీళ్లకూ బోరు నీళ్లకూ తేడా లేదని, బోర్డు చూసి మోసపోయి తాగడం తన చేతుల మీదుగా జరగదని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. మంచి నీళ్లు తెచ్చే ట్యాంకరు ఆగే చోటు ఊరి అవతల. బిందె మోసుకుంటూ అంత దూరం ఎవరికిష్టం? కొందరు గొణుక్కుంటూ మళ్లిపోయారు. సుక్కమ్మ మాత్రం బిందె కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకొని, అక్కను నోటికొచ్చినట్టు తిట్టింది. ప్లాంటు నీ అయ్య సొమ్మా అన్నది. ఒక్కదానివే తెలివిగలదానివా అన్నది. అక్క అంతా విన్నది.

“నా మొకం మీద ఇన్ని అన్నవు గద వదినె. గీ మాటలల్ల ఒక్కటన్న ఆ సార్ల మొకం మీద అనేదుండె.”

సుక్కమ్మ బిందె ఎత్తి చంకన పెట్టుకొని ట్యాంకరు దిక్కు నడిచింది. అక్క లోపలికి పోయి తన బిందె తెచ్చుకొని ఆమె వెనకే పోయింది.