నాయనమ్మ తోమిన పలక

నందిగామలో మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. దాని హోంవర్క్ ఫోన్లో వస్తుంది. పైకి నెట్టీ నెట్టీ నా బొటనవేలు అరిగిపోతోంది గానీ అది మాత్రం అయిపోదు. హైవే మీద సిమెంట్ లారీల వరసకైనా ఒక చివరంటూ ఉంటుంది, దీనికి లేదు. పిల్లలకి ఎంత ఇంటిపని ఇవ్వాలని ఎవరైనా అడిగితే, పలకెడు అంటాను నేను.

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా మాస్టారి లెక్క అదే. పలకకి రెండు వైపులా ఎంత పడితే అంతే ఇంటిపని. చుట్టూ చెక్క చట్రం ఉండేది. దాన్ని దాటి ఒక్క అంకె ఇవ్వడం ఆ బ్రహ్మదేవుడి తరం కూడా కాదు. కష్టమల్లా రాసింది చెరక్కుండా బడికి చేర్చడమే. చొక్కా తగలకుండా, చెమట అంటకుండా, పలకని రెండు చేతులా ముందుకి చాచి పట్టుకుని నడిచేవాళ్ళం. ఎదురొచ్చిన ఎద్దులు కూడా మర్యాదగా పక్కకి తప్పుకునేవి.

ఒకసారి మాస్టారు మమ్మల్ని ముక్త్యాల తీసుకెళ్ళి కృష్ణని చూపిస్తానన్నారు. ఇంటిపని చూపించినవాడే ట్రాక్టరెక్కాలి. అప్పటికి నేను చూసిన అతిపెద్ద జలాశయం మా పెరట్లో గోలెం. ముందురోజు సాయంత్రమే ఎక్కాలన్నీ రాసేసి, పలకని మంచం కింద పడుకోబెట్టి, పైన నేను పడుకున్నాను.

తెల్లారేసరికి పలక మీద ఒక్క అంకె లేదు. మనవడు ఊరెళ్తున్నాడు, మాసిన పలకతో వెళ్తే ఏం బాగుంటుందని నాయనమ్మ బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి నిగనిగలాడేలా తోమేసింది. నా ఏడుపుకి చిల్లకల్లు దాకా కాకులు లేచిపోయాయి.

"ఊరుకోరా నాయనా! మీ మాస్టారికి నేను చెప్తాగా, పద" అంటూ ఆ నల్లచేతులతోనే నన్ను బడికి లాక్కెళ్ళింది.

"పంతులుగారూ, వీడు రాసాడండి. నేనే చెరిపేసా."

"నిన్న ఒకడు మేక నాకేసిందన్నాడమ్మా. ఇవాళ నాయనమ్మ తోమేసిందా?" అంటూ మాస్టారు పలక అందుకున్నారు. అందులో ఆయన మీసం ఆయనకే కనిపించింది. "అబ్బో, ఇంత నలుపెట్టా తెచ్చారండీ? మా బోర్డు చూడండి, సున్నం కొట్టినట్టుంది."

నాయనమ్మకి ఆ మాట చాలు. వెంట తెచ్చిన బొగ్గుపొడి ముంత కొంగుచాటు నుంచి బయటికొచ్చింది. మాస్టారు హాజరు పిలవడం పూర్తయ్యేలోపు బోర్డంతా అమావాస్య. సోమవారం ఇంటిపని కోసం ఆయన దానిమీద రాసి ఉంచిన లెక్కలన్నీ మాయం. మేం పెట్టిన కేక చందర్లపాడులో కూడా వినపడే ఉంటుంది.

మాస్టారు బోర్డు వంక చూశారు. నా వంక చూశారు.

"రాసింది చెరిగిందని వీణ్ణి ఆపేస్తే, ఇప్పుడు నేనూ ఆగిపోవాలి. ఎక్కరా ట్రాక్టరు! అమ్మా, మీరూ ఎక్కండి. ఇక్కడ వదిలేస్తే ఇంకేం తోమేస్తారో!"

ముక్త్యాల రేవులో దిగగానే నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నా పక్కనే నాయనమ్మ వంగి చేతులు కడుక్కుంది. ఆ రోజు అక్కణ్ణుంచి సముద్రం దాకా కృష్ణ నల్లగానే పారింది. సోమవారం లెక్కలు మాత్రం ఈ రోజుకీ ఎవరం చెయ్యలేదు.