క్రేను బావ సూదుల వైద్యం

కాంక్రీటు గోడ ఒకటి గాల్లో వేలాడుతోంది. దాని కింద పనివాళ్లున్నారు. క్రేను మీదున్న మా బావ ఎంత పిలిచినా బదులివ్వడం లేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కింద నిలబడి వాకీటాకీలో సిగ్నలిచ్చేది నేను. నేను "దించు" అంటే పైనున్న మనిషి "దించుతున్నా" అని తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే మీట కదపాలి. ఇన్నేళ్లలో మా బావ ఆ మాట ఎగ్గొట్టిన పాపాన పోలేదు. పైగా "దించుతున్నా మహాప్రభో, బుర్ర పక్కకి పెట్టుకో" అని నాకో చురక అంటించేవాడు. ఇటుకలు మోసిన కూలివాడు మెల్లగా ఆ కుర్చీ దాకా ఎక్కాడు. సైట్లో అందరూ ఆయన్ని 'పైవాడు' అంటారు, ఏది కావాలన్నా పైవాడి దయ అంటూ నవ్వుతారు. ఆ పిలుపంటే ఆయనకి ప్రాణం.

ఆ రోజు చురకా లేదు, మాటా లేదు. బరువుగా ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"బావా! ఏమైంది?"

"రావట్లేదురా," అన్నాడు చివరికి. "పొద్దుట్నుంచీ ఒక్క చుక్క రావట్లేదు. పొత్తికడుపు పగిలిపోతోంది."

నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

ఆయనకి ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఏడాది దాటింది. వయసు పైబడ్డ మగవాళ్లలో చాలామందికి వచ్చేదే. మాటిమాటికీ ఒంటేలుకి వెళ్లాలి, వెళితే చుక్కచుక్కగా తప్ప రాదు. నేల మీద ఉద్యోగమైతే ఎలాగో సర్దుకోవచ్చు. అంతెత్తున అద్దాల గదిలో ఎక్కడికి పోతాడు? పక్కన సీసా పెట్టుకున్నాడు. డాక్టరు మాత్రలు రాసి, తగ్గకపోతే ఆపరేషన్ అన్నాడు. ఆ మాటకి మా బావ ముఖాన కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు.

ఎవరో చెబితే ఆక్యుపంక్చర్‌కి బయల్దేరాడు. తోడు నేను. మార్కెట్ వెనక సందులో కుట్టుమిషన్ల దుకాణం మీద చిన్న గది. ఒకావిడ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, బొడ్డు కిందా చీలమండల దగ్గరా వెంట్రుకంత సన్నటి సూదులు గుచ్చింది. "చీమ కుట్టినట్టైనా లేదురా!" అని మురిసిపోయాడు బావ. ఆవిడ మాత్రం నా ముందే చెప్పింది.

"కొందరికి దీనివల్ల కాస్త సులువుగా ఉంటుంది, కొందరికి ఉండదు. గ్రంథి తగ్గిపోతుందని నేను చెప్పను. మాత్రలు మానొద్దు. ఎప్పుడైనా పూర్తిగా ఆగిపోతే నా దగ్గరికి కాదు, ఆస్పత్రికి పరిగెత్తండి."

బావ బుద్ధిమంతుడిలా తలూపాడు. రాత్రిళ్లు కాస్త నిద్ర పడుతోందంటే అక్క సంబరపడింది. నేనూ నమ్మాను.

ఇప్పుడు పరిగెత్తడానికి కాళ్ల కింద నేలుంటే కదా!

"ముందు గోడ దించు బావా. నా మాట విను." ఈల వేసి, నోటికొచ్చిన తిట్లు తిట్టి కింద ఉన్నవాళ్లని తరిమాను. ఒకడు భోజనం డబ్బా కోసం వెనక్కి వెళ్లబోతే చొక్కా పట్టి లాగాను. గోడ ఊగుతోంది. గాలి లేదు. పైన ఆయనే మీట తిన్నగా పట్టలేకపోతున్నాడు.

"ఎడమకి. మెల్లగా."

"ఎడమకి..."

"దించు."

వాకీటాకీలో మూలుగు వినిపించింది.

"దించు బావా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"దించుతున్నా," అన్నాడు ఏడుపు గొంతుతో.

గోడ చెక్కదిమ్మల మీద ఆనింది. నేను నిచ్చెన ఎక్కి ఎదురెళ్లాను. ఆయన పాదం పట్టుకుని ఒక్కో మెట్టు మీదా పెట్టించుకుంటూ కిందికి తెచ్చాను. దారి పొడవునా మూలుగుతూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో ట్యూబు వేయగానే సంచి నిండిపోయింది, బావ ముఖం తేటపడింది. అప్పటికి అక్క కూడా పరుగున వచ్చింది.

"మాత్రలు వాడుతున్నారా?" అంది అక్కడి డాక్టరమ్మ.

"రోజూ నేనే చేతికిస్తున్నానండీ," అంది అక్క.

బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాకు అనుమానమొచ్చింది. "నిజం చెప్పు బావా."

"మానేశాను," అన్నాడు. "వేసుకుంటే నిచ్చెన మీద కళ్లు తిరుగుతున్నాయి. ఆ సంగతి తెలిస్తే నన్ను క్రేను ఎక్కనిస్తారా? సూదులున్నాయి కదా అనుకున్నా. ఆవిడకి కూడా వాడుతున్నాననే చెప్పా."

"కళ్లు తిరుగుతున్నాయని మీ డాక్టరుకి చెబితే మందు మార్చేవారు కదండీ," అంది డాక్టరమ్మ. ఇక ఆపరేషనే మంచిదని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "సైట్లో చెప్పకురా. ఇంకో నాలుగుసార్లు సూదులు వేయించుకుంటే..."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ గోడ కింద మనుషులున్నారు! నేనున్నాను! ఇలాగే మళ్లీ ఎక్కావంటే నేనే వెళ్లి మేనేజరుకి చెప్తా. అప్పుడు బావా లేదు, బామ్మర్దీ లేదు!"

బావ అక్క వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఆపరేషనైతే ఇక మగాడిగా పనికిరారట. సైట్లో అందరూ అంటారు. రేపు నేను నీకెందుకూ పనికిరానే."

నాకు సిగ్గేసింది. బయటికి పోదామని రెండడుగులు వేసి ఆగాను.

కన్నీళ్లు కారుతున్నా అక్క తుడుచుకోలేదు. "ఇవాళ మీరు పైనుంచి పడిపోయి, నా తమ్ముడు ఆ గోడ కింద నలిగిపోతే, నాకెవరు పనికొచ్చేవాళ్లు?"

బావ దుప్పటి ముఖం మీదికి లాక్కుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత దుప్పటి తీసి నన్ను చూశాడు.

"డాక్టరమ్మని పిలువురా," అన్నాడు. "సైట్లో అనే ఆ మాట నిజమో కాదో ఆవిణ్నే అడుగుతా."