తాగిన నీళ్లు ఎటు పోయినయ్

సోమవారం పొద్దున తల దువ్వుకుందామని కూర్చుంటే చేతులు భుజాల దాకా కూడా లేవలేదు. దువ్వెన పట్టుకున్న చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. రెండో చేత్తో దాన్ని ఎత్తబోతే అదీ మాట వినలేదు. నాకు నవ్వొచ్చింది. నలభై దాటాక జడ వేయించుకోవడానికి అత్తమ్మను పిలవాల్సి వచ్చిందే అనుకున్నాను. ఆమె జడ వేస్తూ, "చేతులేంది గిట్ల ఉబ్బినయ్, పూరీల లెక్క?" అంది. జడ అయ్యాక బాత్రూమ్‌కు వెళ్లాను. అక్కడ నవ్వు ఆగిపోయింది. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది.

పచ్చగా రావడం తెలుసు. మాది ఆర్మూర్. మా ఆయనది పసుపు అడ్తి, అంటే రైతులు తెచ్చిన పసుపును అమ్మించి కమీషన్ తీసుకునే దుకాణం. సీజన్‌లో మా ఇంట్లో గిన్నెలు, దుప్పట్లు, మనుషులు అందరూ పచ్చగానే ఉంటారు. కానీ ఇది నల్లగా ఉంది.  రెండు చెంబుల నీళ్లు పోసి బయటికి వచ్చేశాను.

నాకు బీపీ లేదు, షుగర్ లేదు. కాన్పులకు తప్ప దవాఖాన మెట్లు ఎక్కలేదని నలుగురిలో గొప్పలు చెప్పుకునేదాన్ని. అలాంటి మనిషికి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే శనివారం సంగతి చెప్పాలి.

శనివారం ఊళ్లో ఒక ఫంక్షన్ హాల్లో కెటిల్‌బెల్ వర్క్‌షాప్ జరిగింది. పొద్దున గ్రౌండ్‌లో వాకింగ్ చేసే ఆడవాళ్లమంతా పేర్లు ఇచ్చాం. హైదరాబాద్ నుంచి ఒక ట్రైనర్ వచ్చాడు. మా మరిది భార్య సుజాత, నా యారాలు, నాతో పాటే వచ్చింది. అక్కడ వరసగా పెట్టిన ఇనుప గుండ్లను చూసి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పిడి ఉన్న తూకం బాట్లు. ఎలక్ట్రానిక్ కాంటాలు రాకముందు మా దుకాణంలో పసుపు తూచిన బాట్లకు చుట్టాల్లా ఉన్నాయి. ముందురోజు సెల్‌ఫోన్‌లో ఫొటో చూపిస్తే మా ఆయన అన్న మాటా అదే. "బాట్లెత్తుడు నేర్చుకునేటందుకు క్లాసుకు పోవాల్నా? దుకాణం ఎనక పాతయి పడున్నయి, గవ్విటినే ఎత్తుకో."

ఆ మాట నా తలకెక్కింది. బాట్ల ఇంట్లో పుట్టి బాట్ల ఇంటికి కోడలినై వచ్చినదాన్ని, నాకు ఇదొక లెక్కా అనుకున్నాను.

ట్రైనర్ మంచివాడే. మొదట నడుము ఎలా వంచాలో, మోకాళ్లు ఎక్కడ ఉంచాలో ఓపికగా చూపించాడు. "చేతులతోని లేపొద్దు మేడం, నడుముతోని ఊపాలె" అని ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి చెప్పాడు. అది బాగానే ఉంది. చివర్లో చాలెంజ్ అన్నాడు. ఆపకుండా ఎవరు ఎక్కువసేపు ఊపుతారో చూద్దామన్నాడు. హాలు పైకప్పు రేకులది. బయట ఎండ. నాకు శనివారం ఒక్కపొద్దు, చీకటి పడ్డాకే తింటాను. అందరూ పగలు పాలో పండో తీసుకుంటారు. నేను మొండిదాన్ని కాబట్టి మంచినీళ్లు కూడా ముట్టను. ఆ రోజూ ముట్టలేదు.

కాసేపటికి సుజాత బాటు కింద పెట్టేసింది. "అక్కా, నాతోని అయితలేదు. నేను కూసుంట" అంది. ఒక్కొక్కరే కూర్చున్నారు. చేతుల్లో పట్టు జారిపోతున్నా నేను ఆపలేదు. ట్రైనర్ పక్కన నిలబడి, "బాడీ అలసిపోదు మేడం, మైండే అలసిపోతది. ఇంకొక్కటి" అన్నాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఎంతసేపు ఊపానో నాకే తెలియదు. చివరికి హాలంతా చప్పట్లు కొట్టింది. పెళ్లయ్యాక నాకోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆదివారం ఒళ్లంతా నొప్పులు. వర్క్‌షాప్ వాట్సాప్ గ్రూపులో అందరూ నొప్పులనే రాశారు. కొత్తలో నొప్పులు మామూలే అని ట్రైనర్ జవాబు పెట్టాడు. నేను మెడికల్ షాపు నుంచి నొప్పి బిళ్లలు తెప్పించుకుని వేసుకున్నాను. సోమవారం చేతులు లేవలేదు, రంగు మారింది. అదీ జరిగింది.

రంగు సంగతి మా ఆయనకు చెప్పలేదు. ఇన్నేళ్ల కాపురంలో అలాంటి మాటలు మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన కూడా సీజన్ రోజుల్లో పొద్దున వెళ్తే పొద్దుపోయాకే వస్తాడు. అత్తమ్మకు మాత్రం గొంతు తగ్గించి చెప్పాను. ఆమెకు క్షణం కూడా పట్టలేదు.

"వేడి చేసింది బిడ్డా. గింత ఎండల ఒక్కపొద్దుండి గా ఇనుమంత ఎత్తినవాయె, చెయ్యదా? బోండాం నీళ్లు తాగు, దిగిపోతది."

వేడి చేసింది. ఈ మాట వినగానే నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మన ఇళ్లలో కళ్లు మండినా వేడే, నోరు పూసినా వేడే, మూత్రం మంట పుట్టినా వేడే. పేరు ఉన్న రోగానికి మందు కూడా ఇంట్లోనే ఉంటుంది కదా. కొబ్బరి బోండాలు గంపతో వచ్చాయి. అత్తమ్మ గ్లాసు తర్వాత గ్లాసు దగ్గర కూర్చుని తాగించింది. మధ్యలో సబ్జా గింజల నీళ్లు. నొప్పికి బిళ్లలు ఎలాగూ వేసుకుంటూనే ఉన్నాను. నన్ను ఎవరూ నిర్లక్ష్యం చేయలేదని ఇక్కడే చెప్పాలి. అంత ప్రేమగా చూసుకున్నారు. ఆ ప్రేమ నన్ను చంపబోయిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

మంగళవారం మూత్రం కొంచెమే వచ్చింది. బుధవారం పొద్దున్నుంచి చుక్క లేదు. కళ్ల కింద ఉబ్బింది. తాగింది తాగినట్టు వాంతి అవుతోంది. "వేడి బయటికి పోతుంది" అంది అత్తమ్మ. అప్పుడే సుజాత వచ్చింది. గుమ్మం పక్కన గుట్టగా పడున్న బోండాం డొక్కల్ని చూసింది, నా ముఖం చూసింది.

"అక్కా, గిన్ని నీళ్లు తాగినవ్ గదా. అన్ని ఎటు పోయినయ్?"

  సుజాత వెంటనే ఆటో పిలిచి, నన్నూ అత్తమ్మనూ ఎక్కించి, దారిలోనే మా ఆయనకు ఫోన్ చేసింది.

ఆర్మూర్‌లోనే ఒక చిన్న దవాఖానకు వెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నా చేతులు నొక్కి చూసింది. రాయిలా ఉన్నాయి. "రెండు మూడు రోజుల కింద ఏమన్న బరువు పని చేసిన్రా?" అని అడిగింది. కెటిల్‌బెల్ అన్నాను. మూత్రం రంగు అడిగింది. మా ఆయన అప్పుడే లోపలికి వచ్చాడు. ఆయన ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఆటోలో నా దగ్గర విన్నది సుజాతే చెప్పింది, "డికాషన్ లెక్క నల్లగ ఉండెనట. ఇప్పుడు అసలే వస్తలేదు." డాక్టరమ్మ వెంటనే ఈసీజీ తీయించింది. కాగితం చూస్తూనే, "ఈ మూడు రోజులు ఏం తాగిన్రు?" అంది.

"బోండాం నీళ్లే మేడం. మస్తు తాపినం" అంది అత్తమ్మ, మెప్పు కోసం చూస్తున్నట్టు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అమ్మా, బోండాం నీళ్లల్ల పొటాషియం ఉంటది. మంచి కిడ్నీలున్నోళ్లకు ఏం కాదు. ఈమెకు కిడ్నీలు పనిచేస్తలేవు. పొటాషియం ఎక్కువై గుండె ఎప్పుడు ఆగుతదో తెల్వదు." అని చెబుతూనే నర్సుకు ఇంజెక్షన్ చెప్పింది, అంబులెన్స్ చెప్పింది. కిడ్నీలు అన్న మాట నాకు అర్థం కాలేదు. నేను వచ్చింది చేతుల నొప్పికి. వేరే పేషెంట్ సంగతి చెబుతోందేమో అనుకుని పక్కకు చూశాను. పక్కన ఎవరూ లేరు.

నిజామాబాద్‌లో పెద్ద దవాఖానలో కిడ్నీల డాక్టర్, నెఫ్రాలజిస్ట్, చెప్పాడు. "దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటరు. అలవాటు లేని కండను హద్దు దాటి వాడితే కండ పగులుతది. పగిలింది రక్తంల కలుస్తది. దాన్ని వడకట్టలేక కిడ్నీలు మూసుకపోతయ్. ఆ రోజు అన్నం లేదు, నీళ్లు లేవు, పైనుంచి కిడ్నీలను దెబ్బతీసే నొప్పి బిళ్లలు. కండ ఎంత పగిలిందో చెప్పే సీపీకే పరీక్ష అయితే మా మిషన్ చూపించే లెక్క దాటిపోయింది. ఇప్పుడే డయాలసిస్ పెట్టాలె."

 మా వైపు డయాలసిస్ అన్న మాట విన్నామంటే ఇక ఆ మనిషి అయిపోయినట్టే లెక్క. శనివారం చప్పట్లు కొట్టించుకున్నాను. బుధవారం నా మెడలో క్యాథటర్ అనే గొట్టం పెట్టి, నా రక్తాన్ని బయటికి తీసి, మిషన్‌లో కడిగి మళ్లీ లోపలికి పంపిస్తున్నారు. గొట్టంలో పోతున్నది నా రక్తమేనా అని చూస్తూ పడుకున్నాను. ఏడుపు కూడా రాలేదు. ఏదో పొరపాటు జరిగింది, ఎవరో వచ్చి సారీ చెప్పి నన్ను ఇంటికి పంపిస్తారు అన్నట్టే ఉండింది.

పక్క బెడ్‌లో కమ్మర్‌పల్లి నుంచి వచ్చే ఒకామె ఉండేది. బీడీలు చేసేదట. ఏళ్లుగా డయాలసిస్ మీదే ఉంది. నేను ధైర్యంగా, "నాకు కొన్ని రోజులే అన్నరు" అంటే ఆమె నా వైపు జాలిగా చూసింది. "నాక్కూడ మొదట్ల గట్లనే అన్నరు చెల్లె." ఆమె చెడ్డగా అనలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు.

నాలుగైదు సార్లు డయాలసిస్ అయ్యాక చలిజ్వరం వచ్చింది. క్యాథటర్ ఇన్ఫెక్షన్ అన్నారు. అది తీసేసి ఇంకో వైపు పెట్టారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తగ్గడం, మళ్లీ పెరగడం. నెఫ్రాలజిస్ట్‌ను ప్రతిరోజూ ఒకటే అడిగేదాన్ని, కిడ్నీలు తిరిగి వస్తాయా అని. "చాలామందికి వస్తయ్. చూద్దాం" అనేవాడు. ఆ చూద్దాం అన్న మాట మీద నాకు వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

లేదు, అబద్ధం ఎందుకు? అంతకన్నా ఎక్కువ అత్తమ్మ మీద వచ్చింది. ఆమె అన్నం డబ్బా పట్టుకుని వస్తే ముఖం గోడ వైపు తిప్పుకునేదాన్ని. ఒకరోజు ఆమె మంచం పక్కన నిలబడి, "నా చేతులతోనే తాపిన గదా బిడ్డా" అంది. నేను కాదనలేదు. కాదనాల్సింది. బిళ్లలు నేనే మింగాను, ఒక్కపొద్దు నాడు బాటు నేనే ఎత్తాను, రంగు చూసి నీళ్లు పోసి దాచింది కూడా నేనే. ఆమె తనకు తెలిసింది చేసింది. ఇదంతా నాకు అప్పుడూ తెలుసు. తెలిసీ మాట్లాడలేదు. ఎవరో ఒకరి మీద కోపం లేకపోతే ఆ మంచం మీద ఉండలేకపోయేదాన్ని.

ట్రైనర్ కూడా ఒకసారి వచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయి మెడలోని గొట్టం చూశాడు. "నేను ఇంకొక్కటి అనకపోయి ఉంటే" అని ఏదో మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయాడు. నేను కూర్చోమన్నాను. ఇప్పుడు అతను క్లాసు మొదలుపెట్టే ముందు ఎవరు తిన్నారు, ఎవరు నీళ్లు తాగారు అని అడుగుతాడట. చాలెంజ్ తీసేశాడట.

ఒక మధ్యాహ్నం కడుపు కింద బరువుగా అనిపించింది. ఎన్నో రోజుల తర్వాత. అది ఏమిటో గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. నర్సు బెడ్‌పాన్ పెట్టి, తీసి, వెలుతురులో చూసి, "అమ్మా, వచ్చింది" అంది. పక్క బెడ్ కమ్మర్‌పల్లి ఆమె తన మిషన్ గొట్టాలతోనే చెయ్యెత్తి నాకు దండం పెట్టింది. నేను అప్పుడు ఏడ్చాను. తనకు రానిది నాకు వచ్చినందుకు ఆమె సంతోషపడిందే, దానికి ఏడ్చాను. బయట అత్తమ్మకు చెప్పమన్నాను. ఆమె లోపలికి వచ్చాక నేనే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ తర్వాత మూత్రం నెమ్మదిగా పెరిగింది. డయాలసిస్ ఆపేశారు, క్యాథటర్ తీసేశారు. చివరి రివ్యూలో నెఫ్రాలజిస్ట్ రిపోర్టులు పక్కన పెట్టి, "ఇంకొక్కరోజు ఇంట్లనే ఉంటే మనం కలిసేటోళ్లం కాదమ్మా" అన్నాడు.

ఇప్పుడు క్రియాటినిన్ దాదాపు మామూలుగా ఉంది. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. నొప్పి బిళ్లలు డాక్టర్‌ను అడగకుండా ముట్టను. పొద్దున సుజాతతో వాకింగ్‌కు వెళ్తాను, అలసిపోతే కూర్చుంటాను. వేసవి వచ్చిందంటే మాత్రం భయం ఇంకా ఉంది. చెమట పట్టినా గుండె దడదడలాడుతుంది. ఇంత జరిగిందా, నాకేనా, అనిపిస్తుంది.

మీకు చెప్పేది ఒక్కటే. అలవాటు లేని కష్టం చేశాక, వ్యాయామం కానివ్వండి, పొలం పని కానివ్వండి, మూత్రం నల్లగా వచ్చినా, తాగిన నీళ్లకు తగ్గట్టు రాకపోయినా, ఆ రోజే దవాఖానకు వెళ్లి సీపీకే, క్రియాటినిన్ చూడమని అడగండి. దానికంటే ముందు ఇంట్లో ఉన్న మనిషికి గొంతు తగ్గించకుండా చెప్పండి. భర్తకు చెప్పండి, కొడుకుకు చెప్పండి. సిగ్గనిపిస్తే, ఆర్మూర్‌లో ఒకామె చెప్పమంది అనండి. ఆమె సిగ్గుపడి మూడు రోజులు దాచుకుంటే ప్రాణం మీదికి వచ్చిందట అని కూడా చెప్పండి, నేనేం అనుకోను.