బుడ్డపుంజుతో యాలాల్‌కు, ఖాళీ గంపతో వికారాబాదుకు

మా ఇంట్లో ఒక బుడ్డపుంజు ఉండేది. ఒళ్లు పావురమంత, కాళ్ల నిండా ఈకలు, కూత మాత్రం వాడలోని పెద్ద పుంజులన్నిటినీ మించేది. ఈ పొట్టి జాతిని పట్నంలో బంటం కోళ్లు అంటారట, మా వైపు బుడ్డకోళ్లే. నా భార్య కరుణమ్మ పుట్టింటి నుంచి ఒక జత తెచ్చుకుంది. నిరుడు వానాకాలంలో ఆమె అనంతగిరి మీది క్షయ దవాఖానలో చేరింది. మళ్లీ వానలు వచ్చాయి, ఆమె దిగి రాలేదు. ఈలోగా పెట్టను ముంగిస పట్టుకుపోయింది. అప్పటి నుంచి పుంజు సరిగా మేత తినదు. నూకలు చల్లితే ఒక గింజను ముక్కుతో ఎత్తి కింద పడేసి, మెడ వంచి, లోగొంతుతో పిలుస్తుంది. పిలిచి ఎదురు చూస్తుంది. ఎవరూ రారు. మళ్లీ అదే గింజ ఎత్తుతుంది. చేతిలోకి తీసుకుంటే రొమ్మెముక గుచ్చుకునేది.

ఆదివారం కొండెక్కి ఈ సంగతి చెబితే కరుణమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "యాలాల్ల మా చిన్నమ్మ కాడ గదే జాతి పెట్ట ఉన్నది. పోయి పట్కరా. నేను దిగొచ్చే నాటికి గా పుంజు కూత ఇంట్ల ఇనవడాలె" అంది. ఆ మాటే నా ప్రయాణానికి ఆజ్ఞ.

యాలాల్‌కు వెళ్లాలంటే తాండూరులో దిగాలి. తాండూరుకు వికారాబాదులో పొద్దుటి ప్యాసింజరు ఎక్కడం మేలు. మధ్యాహ్నపు బండిలో కూలీల రద్దీ ఎక్కువ, గంప పెట్టడానికి చోటుండదు. పెట్ట కుదిరేదీ లేనిదీ అక్కడే చూసుకోవచ్చని పుంజును కూడా గంపలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి ఎక్కాను. ధారూరు దాటాక అది గుడ్డ కిందనే కూసింది. రైలు పెట్టెలో అందరూ నవ్వారు. నేనేమో చదువుకున్న పాదిరిని కాను, బైబిలు వాక్యం సొంతంగా కూడబలుక్కుని నేర్చి ఊరూరా చెప్పేవాడిని. నలుగురు నా వైపు తిరిగితే నోరు ఆగదు. లేచి నిలబడ్డాను. ఒంటరితనం మంచిది కాదని దేవుడు ఆదిలోనే చెప్పాడనీ, ప్రళయంలో ఓడ ఎక్కించేటప్పుడు పురుగును కూడా జతగానే ఎక్కించాడనీ గొంతెత్తి చెప్పాను. కంది మూట మీద కూర్చున్న ముసలాయన బీడీ ఆర్పి, "అయ్యా, నువ్వు గా పుంజుకు లగ్గం చెయ్యనీకి పోతున్నవా, మాకు ప్రసంగం చెయ్యనీకి వచ్చినవా? ఒక్కటి చెప్పు, తాండూరు వస్తున్నది" అన్నాడు. నేనూ నవ్వి కూర్చున్నాను.

తాండూరు స్టేషను బయట టాంగాలు ఉంటాయి. యాలాల్‌కు ఎనిమిదణాలు అడుగుతారు. నిజాం హాలీ సిక్కాలా, ఇంగ్లీషువాళ్ల కల్దారా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. నా టాంగా తోలిన సాయిబు గంపలోకి తొంగి చూసి, "పాదిరి సాబ్, గిది కోడేనా, పిచ్చుకనా? కూర వండితే ఒక్క బుక్కకు గూడ రాదు" అన్నాడు.

"కూరకు కాదు భాయ్, దీనికి జోడు తేనీకి పోతున్న."

"అరె, మస్తు పని పెట్టుకున్నవ్! జర గట్టిగ పట్టుకో, కాగ్నా కాడ తొవ్వ ఖరాబున్నది."

రెండు వైపులా వానకు తడిసిన కంది చేలు. కాగ్నా వాగు దగ్గర నేను దిగి, గంప నెత్తిన పెట్టుకుని నడిచాను. చిన్నత్త సంతోషమ్మ ఇల్లు చేరేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. ఆమె నాకు మంచినీళ్లిచ్చి, కరుణమ్మ ఎట్లా ఉందని అడిగి కళ్లు తుడుచుకుంది. నేను వచ్చిన పని చెప్పగానే మాత్రం ముఖం మారింది.

"పెట్ట పొదుగు మీద ఉన్నది, అల్లుడా."

నాపరాయి గూటి కింద, గడ్డిలో, అరచెయ్యంత పెట్ట రెక్కలు పరిచి కూర్చుని ఉంది. గుడ్లు దానివి కావు. బుడ్డపెట్టంత ఓపికగా పెద్దకోడి పొదగదని ఆ వాడలో నాలుగిళ్లవాళ్లు తమ గుడ్లు తెచ్చి దీని కింద పెడతారు. ఎవరి గుడ్డు ఎవరిదో తెలియడానికి బొగ్గుతో గీత, చుక్క, సున్న గుర్తులు. కోడిపిల్లలు లేచాక మళ్లీ వేరే ఇళ్ల వంతు. పొదిగే కోడిని గడప దాటించడం ఆ వాడలో లేదు.

"గుడ్లు వేరే కోడి కింద పెట్టు చిన్నత్తా. కరుణ అడిగింది. కొండ మీద మంచాన పడ్డ మనిషి అడిగింది!" నా గొంతు లేచింది. దయ గురించి, ఇచ్చే చేతి గురించి, నాకు తెలిసిన వాక్యమంతా వాకిట్లో కుమ్మరించాను. పక్కింటివాళ్లు గోడ మీంచి చూశారు.

చిన్నత్త అంతా విన్నది. "అయిందా? పోయిన పండుగకు గిదే వాకిట్ల నిలవడి, ప్రభువు తనను తల్లికోడితోని పోల్చుకున్నడని చెప్పింది ఎవరు? నువ్వే. అందరం ఏడ్చినం. ఇయ్యాల గా తల్లినే గుడ్ల మీదికెల్లి లేపు అంటున్నవా?"

నేను గంప పక్కన చతికిలబడ్డాను.

"పెట్ట దినాం ఒక్కపారే లేస్తది, మేతకు. లేసే యాళ్లయింది. నీ పుంజును ఇడువు, చూద్దాం" అంది.

గంప మీది గుడ్డ తీసి పుంజును వదిలాను. చిన్నత్త నూకలు చల్లింది. పుంజు ఒక గింజ ఎత్తి, వేసి, ఎప్పటిలాగే పిలిచింది. గూటి కింద కదలిక. పెట్ట లేచి, ఒళ్లు దులుపుకుని, గబగబా వచ్చి ఆ గింజను దాని ముక్కు కిందే తినేసింది. పుంజు ఇంకో గింజ ఎత్తి పిలిచింది. అదీ తిన్నది. ఆ తర్వాత పుంజు తాను కూడా తినడం మొదలుపెట్టింది, ఆబగా, మెడ ఎత్తకుండా. కాసేపటికి పెట్ట మళ్లీ గూటి కిందికి, గుడ్ల మీదికి వెళ్లిపోయింది. పుంజు వెళ్లి గూటి ముందు నిలబడింది.

"ఇల్లరికం వచ్చిండు" అని చిన్నత్త నవ్వింది. నా ముఖం చూసి ఆపేసింది.

పుంజును తీసుకెళితే అది చస్తుంది. వదిలేస్తే కరుణమ్మ అడిగిన కూత మా ఇంట్లో ఉండదు, ఆమె చేతి మేత తిన్న ప్రాణి ఒక్కటీ నా దగ్గర మిగలదు. గూటి ముందు చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఖాళీ గంప చంకన పెట్టుకుని సాయంత్రం బండికి వచ్చేశాను. తెల్లవారితే మా ఇంట్లో పొయ్యి మీద నీళ్లు కాగే చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఆదివారం కొండెక్కి జరిగింది జరిగినట్టు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కరుణమ్మ కిటికీ వైపు చూస్తూ, "పిలిస్తె పెట్ట వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది."

"పుంజు తిన్నదా?"

"కడుపు నిండ తిన్నది."

దగ్గు వచ్చి తగ్గాక ఆమె నా చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని, వేళ్లతో ఎముక తడిమి, "మరి నువ్వు?" అంది.

ఎన్నో ఊళ్లలో ఎడబాటు గురించి, ఆశ గురించి బల్ల గుద్ది చెప్పినవాడిని. ఆ రోజు ప్రసంగమేమీ చేయకుండా కొండ దిగాను. ఆమె పిలిచే రోజు వచ్చేదాకా బతికి ఉండాలి కదా అని, ఇంటికొచ్చి ఆ పూట అన్నం వండుకున్నాను. బుడ్డకోళ్ల కోసం యాలాల్ వైపు వెళ్లే చదువరులకు ఒక్క మాట: పెట్ట పొదుగు మీద ఉంటే మధ్యాహ్నంలోపే చేరుకోండి. అది రోజుకు ఒక్కసారే లేస్తుంది, లేచినా ఎక్కువసేపు ఉండదు.