గొంతు దాటని అక్షరం

నాలుగేళ్ళలో చెంచులక్ష్మికి వచ్చిన అరబ్బీ అంతా పని చెప్పే మాటలే. జీబీ అంటే తీసుకురా. గస్సిలీ అంటే కడుగు. సక్కిరీ అంటే తలుపు మూయి. రియాద్‌లోని ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ మరో రకంగా మాట్లాడలేదు. అందుచేత ఆమె నేర్చిన భాషలో ‘రా’ ఉంది, ‘పో’ ఉంది, ‘త్వరగా’ ఉంది. ‘నేను’ మాత్రం లేదు.

మదనపల్లె మండీలో టమాటాలు ఏరిన మనిషి. పదకొండు నెలల ఊర్మిలను అక్క పుష్ప ఒడిలో పెట్టి విమానం ఎక్కింది. రెండేళ్ళకని వచ్చింది. ఆ రెండేళ్ళూ దాటి మరో రెండేళ్ళయింది. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు ఎప్పుడో తీరిపోయింది. పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంది. బాబా అంటే ఇంటి యజమాని, ఆమె వీసాకు పూచీ పడ్డ కఫీలు. ఆయన భార్య మామా. పనిమనుషులు అలాగే పిలవాలి.

మాటలు రాని బిడ్డను వదిలి వచ్చింది. ఆ బిడ్డకు మాటలన్నీ తల్లి లేనప్పుడే వచ్చాయి. రంజాన్‌కు ముందు మామా దయతలచి ఫోను ఇస్తే, అవతల నుంచి ఊర్మిల “ఎవురు?” అంది.

“అమ్మను తల్లీ.”

“అమ్మ ఈడే ఉండాది,” అని పిల్ల ఫోను తీసుకుపోయి పుష్పకిచ్చింది.

ఆ రోజు నుంచి చెంచులక్ష్మికి ఇంటికి పోవాలన్నదే ధ్యాస.

అది నితాఖత్ ఏడాది, ప్రతి కొట్టులోనూ ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలన్న చట్టం గట్టిగా అమలైన ఏడాది. సౌదీలు ఎవరూ లేని బాబా కర్టెన్ల కొట్టు రెడ్ జాబితాలో పడింది. కొట్టులో కుట్టే ముగ్గురు పాకిస్తానీలూ వేరే కఫీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన ఇంట్లో అడుగుపెడితే పిల్లలు కూడా గోడ వారగా నడిచేవారు. పక్కింట్లో పనిచేసే రాయచోటి ఖాజాబీ ఒకనాడు చెత్త డబ్బా దగ్గర కలిసింది.

“ఇన్యావా లచ్చుమీ? కాయితాలు లేనోళ్ళను జరిమానా లేకుండా ఇండియాకు పంపిస్తా ఉండారంట. నవంబరు దాకానేనంట.”

“నన్నెవురు పంపిస్తారక్కా?”

“మీ బాబా నిన్ను ఆపీసుకు తీసకపోక తప్పదు. కాయితం లేని మనిషిని ఇంట్లో పెట్టుకుంటే రేపు ఆయనకే మూడుతాది. ఆడ ఆపీసరు నిన్ను ఒకే మాట అడుగుతాడు, పోతావా ఉంటావా అని. అబ్ఘా ఖురూజ్ అను. నాకు ఎగ్జిట్ కావల్ల అని.”

“అబ్గా.”

“అబ్గా కాదే. అబ్ఘా. గొంతులోంచి తియ్యల్ల, నీళ్ళు పుక్కిలించినట్ల.”

“అబ్గా.”

ఖాజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “నీ గొంతు ఇంగా టమాటా మండీలోనే ఉండాది.”

మరో పది రోజులకు ఖాజాబీ ఖురూజ్ దొరికి వెళ్ళిపోయింది.

ఇక మిగిలిన గురువు రీమ్, బాబా కూతురు. తొమ్మిదేళ్ళది. మధ్యాహ్నం పెద్దవాళ్ళు పడుకున్నాక వంటింట్లో బడి ఆట ఆడేది. రీమ్ స్టూలు మీద, చెంచులక్ష్మి నేల మీద. రీమ్ చేతిలో చెక్క స్కేలు. తప్పుకొక దెబ్బ. ఇన్నాళ్ళూ ఆ ఆటను ఓర్చుకుంది. ఇప్పుడు తనే వెళ్ళి పాఠం అడిగింది.

“అబ్గా.”

“తప్పు. చెయ్యి చాపు.” దెబ్బ పడింది. “రెండూ వేరు, తెలుసా? అబ్ఘా అంటే నాకు కావాలి. అబ్గా అంటే నేను ఇక్కడే ఉంటాను. గాడిద కూడా పలుకుతుంది.”

గిన్నెలు తోముతూ పలికింది. స్నానాల గదిలో నీళ్ళు పుక్కిలిస్తూ పలికింది. ఇరవైసార్లకు ఒక్కసారి వచ్చేది. అలా వచ్చిన రోజున రీమ్ చప్పట్లు కొట్టి, ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టింది. “నీకు ఏం కావాలి?” అని అడిగింది.

“ఖురూజ్,” అంది చెంచులక్ష్మి.

ఆ సంగతిని రీమ్ భోజనాల దగ్గర అందరికీ చెప్పింది. బాబా మంచినీళ్ళు తెమ్మన్నాడు.

అక్టోబరులో ఆఫీసుకు బయలుదేరారు. కారులో బాబా వెనక్కి తిరగకుండానే అన్నాడు: “ఆఫీసరుకు టైం లేదు. అడిగినదానికి ఒక్క మాట చెప్పు, చాలు.”

హాలు నిండా జనం. ఆఫీసరు కాగితాల మీది నుంచి తలెత్తలేదు.

“ఖురూజ్ కావాలా, ఇక్కడే ఉంటావా?”

గబగబా దొర్లిపోయిన ఆ అరబ్బీలో ఆమెకు ఖురూజ్ ఒక్కటే అందింది. గుండె ఎగిసింది. ఉమ్మి మింగి గొంతు సవరించుకుంది.

“అబ్గా,” అంది.

తన చెవికి బాగానే వచ్చినట్టనిపించింది. ఆఫీసరు తలెత్తి, ఆమెను కాదు, బాబాను అడిగాడు: “ఉంటుందా?”

నాలుగేళ్ళుగా ఆమె పలుకు విన్న మనిషి బాబా. ఆమె నోట ఏ అక్షరం పలకదో ఎరిగినవాడు. ఆమె వైపు ఒకసారి చూసి నవ్వాడు.

“ఉంటుంది,” అన్నాడు.

ఆ మాటల్లోని తేడా ఆమె చెవికి అందలేదు; ఆ నవ్వు చూసి ఒప్పుకున్నాడనుకుంది. బొటనవేలు సిరాలో ముంచి, చూపించినచోటల్లా అద్దింది. ఆఫీసరుకు షుక్రన్ అని కృతజ్ఞత చెప్పింది, బాబాకు చెప్పింది, తలుపు దగ్గరి కాపలావాడికి కూడా చెప్పింది. దారిలో బాబా కారు ఆపి ఆమెకు మామిడి రసం డబ్బా కొనిచ్చాడు. నాలుగేళ్ళలో అదే మొదలు. ఊర్మిలకని తాగకుండా ఒళ్ళో దాచుకుంది.

ఇంటికి రాగానే మంచం కింది సంచి లాగి, డబ్బాను అడుగున పెట్టి, బట్టలు మడవసాగింది. రీమ్ స్కేలు పట్టుకుని వచ్చింది.

“ఏం చెప్పావు?”

“అబ్గా.”

రీమ్ పడీ పడీ నవ్వింది. “ఇక్కడే ఉంటానని చెప్పావు! ఇంకో రెండేళ్ళు ఉంటావట, బాబా చెప్పాడు.”

హాల్లో మామా చెల్లెలికి ఫోనులో అదే చెబుతోంది. నవ్వుల మధ్య అబ్గా, అబ్గా అని రెండుసార్లు వినబడింది. చెంచులక్ష్మి చేతిలోని రవిక అలాగే ఉండిపోయింది.

“లా,” అంది. అంటే కాదు అని. “లా, రీమ్. అబ్గా ఖురూజ్. అబ్గా...”

“మళ్ళీ తప్పు. చెయ్యి చాపు.”

చాపింది. బొటనవేలికి సిరా ఇంకా ఉంది. రీమ్ అది అంటకుండా స్కేలును కాస్త పక్కకు జరిపి కొట్టింది.