మిర్చి పోయినా పోని దగ్గు

“మిర్చి దగ్గే అక్కా, నీకెందుకింత ఫికర్?”

“మిర్చి ఎప్పుడో లారీలెక్కి పోయింది. నీ దగ్గే ఇంకా ఎక్కలే.”

“ఘాటు లోపల కూసున్నది. మెల్లగ పోతది.”

“పోయేటట్టుంటె గిన్ని దినాలుంటదా? తెల్లారంగనే ఆ డబ్బాల తెమడ పట్టియ్యి. గంతే.”

“పట్టియ్య. ఏం జేస్తవ్?”

ఆ సాయంత్రం వాకిట్లో నాతో ఇలా వాదానికి దిగింది మా మరిది భార్య, నా యారాలు. అన్నదమ్ములు బతికున్నప్పుడు ఇంటిని రెండు చేసి మధ్యలో గోడ పెట్టుకున్నారు. వాళ్లిద్దరూ పోయాక ఇద్దరు ముసలమ్మలకు రెండు సిలిండర్లు ఎందుకని వంట ఒక్కచోటికి తెచ్చాను. గోడ అలాగే ఉంది. పడగొట్టాలన్నా కూలి ఇవ్వాలి కదా.

వరంగల్‌లో మిర్చి సీజన్ వస్తే మా వాడ ఆడవాళ్లం షెడ్డులో తొడిమెలు తీసే పనికి పోతాం. కుప్ప చుట్టూ కూర్చుంటే అందరికీ తుమ్ములే, అందరికీ దగ్గే. దాన్ని రోగమని ఎవరూ అనుకోరు. సీజన్ అయిపోతే అదే పోతుంది. ఈసారి అందరి దగ్గూ పోయింది, యారాలి దగ్గు పోలేదు. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులైతే ఎండలకు చిక్కిందనుకుని, కుట్లు బిగించి ఇచ్చింది కూడా నేనే.

నాకు అనుమానం పుట్టించింది మాత్రం హనుమకొండ నుంచి వచ్చిన ఒక డాక్టరు చదివే పిల్ల. దుమ్ములో పనిచేసేవాళ్ల దగ్గు గురించి పరిశోధన చేస్తున్నానని సీజన్‌లో షెడ్డుకు వచ్చి, మా పక్కన కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒకళ్లు ఊరికే కూర్చుంటే నా కళ్లు ఓర్వవు. గంప ఆమె ముందుకు జరిపాను.

“అడిగేది అడుగు బిడ్డా, చేతులు ఖాళీగ ఎందుకు? తొడిమెలు తీసుకుంట అడుగు.”

పాపం తీసింది. ఆ చేత్తోనే కన్ను నలుపుకుంది. మేమంతా నీళ్ల చెంబులు పట్టుకుని ఉరికాం. కళ్లు ఎర్రగా చేసుకుని కూడా అడగడం ఆపలేదు.

“పని లేని దినాలల్ల దగ్గు తగ్గుతదా అమ్మమ్మా?”

“తగ్గుతది.”

“తగ్గకుంటె మాత్రం మిర్చి మీద పెట్టి ఊకోవద్దు. టీబీ పరీక్ష చేయించుకోవాలె.”

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. చదివింది తక్కువే కానీ, విన్నదాన్ని పారేసుకునే అలవాటు నాకు లేదు. సీజన్ పోయినా యారాలి దగ్గు పోకపోయేసరికి ఆ మాట గుర్తొచ్చి, మా వాడ ఆశా వర్కర్‌కు కబురు పెట్టాను. ఆమె మూత డబ్బా ఇచ్చి, పొద్దున లేవగానే, చాయ్ తాగకముందే లోపలి నుంచి దగ్గి తెమడ పట్టాలని చెప్పి పోయింది. రెండు పొద్దులు గడిచినా డబ్బా మాత్రం కదలలేదు. అందుకే ఆ వాదం.

అది సాగుతుండగానే ఆశా వర్కర్ వచ్చింది.

“డబ్బా ఏది చిన్నమ్మా?”

యారాలు బొడ్లో దోపుకున్న డబ్బా తీసింది. దాని నిండా వక్కపొడి.

“ఇదేందే!” అన్నాను.

“నీ దగ్గర నేర్చుకున్నదే అక్కా. మూత గట్టిగున్న డబ్బా ఖాళీగ పెడితె నువ్వే తిడ్తవు గద!”

ఆశా వర్కర్ అరుగు మీద కూలబడి నవ్వింది. ఆమె నవ్వు ఆగాక యారాలు తలవంచుకుని అసలు మాట చెప్పింది.

“టీబీ అని తేలితె మళ్లొచ్చే సీజన్ల నా పక్కన ఎవరు కూసుంటరు?”

“మందులు మింగుడు మొదలువెడితె కొన్ని వారాలకే అంటించుడు తగ్గుతది చిన్నమ్మా. కాని నడుమ ఆపొద్దు, కోర్సంతా మింగాలె,” అంది ఆశా వర్కర్. “మందులకు పైస ఖర్చు లేదు. సర్కారే ఇస్తది.”

“ఫుకట్ల ఇస్తాంటె వద్దంటవా?” అన్నాను నేను. “కుప్ప కాడ నీ పక్కన నేను కూసుంట. ఇన్నేండ్లు కూసోలేదా?”

“అయితె నువ్వు గూడ డబ్బా పట్టు. ఇద్దరం ఇస్తె వాడోళ్లు నన్నొక్కదాన్నే అనరు.”

“రాని దగ్గుకు డబ్బా దండుగ!”

“ఒకే ఇంట్ల ఉంటాండ్రు. ఎట్లైనా నీకు ఎక్స్‌రే తీయాలె పెద్దమ్మా,” అని ఆశా వర్కర్ అరుగు మీద రెండు డబ్బాలు పెట్టి, పొద్దున వస్తానని పోయింది.

మర్నాడు పొద్దున్నే పొయ్యి వెలిగించలేదు. నేను పట్టకపోతే యారాలు పట్టదని, ఇద్దరం నోరు పుక్కిలించి చెరో డబ్బాతో పెరట్లోకి పోయాం. యారాలు బట్టలుతికే బండ దగ్గర, నేను ఆ చివర నల్లా దగ్గర. ఆశా వర్కర్ మూతికి మాస్కు కట్టుకుని తలుపవతల నిలబడింది. నేను గుండెనిండా గాలి పీల్చి గట్టిగా దగ్గాను. ఏమీ రాలేదు. మళ్లీ దగ్గాను. చప్పుడే వచ్చింది.

“అక్కా, పెరట్ల బర్రె ఈనుతాందా?” అంది యారాలు. తన మాటకు తనే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు లోపలి నుంచి పొర్లుకొచ్చింది. డబ్బాలో గీత దాకా పట్టింది.

ఆశా వర్కర్ మూత బిగించి, పేరు రాసి, పెట్టెలో పెట్టింది. నా డబ్బా పొడిగానే ఉంది. ఇంకెవరికైనా పనికొస్తుందని తిరిగి ఇచ్చేశాను. ఆమె స్కూటీ మీద దవాఖానకు పోయింది. నేను పొయ్యి వెలిగించి ఇద్దరికీ చాయ్ పెట్టాను.